గ్రాఫ్‌లో లేనిపోని గీతలు, మాయమైన శిఖరాలు: శాంప్లింగ్ తప్పులు సరిచేయడం ఎలా?

మీ దగ్గరున్న ఏదైనా గ్రాఫ్ సాఫ్ట్‌వేర్ తెరిచి సైన్ 99ఎక్స్ గీయండి. ఎక్స్ విలువలు 0 నుంచి 360 డిగ్రీల వరకు, రెండు చివరలూ కలుపుకుని, సమాన దూరాల్లో 100 పాయింట్లు. 99 సార్లు పైకీ కిందికీ ఊగాల్సిన అల ఎక్కడా కనబడదు. సున్నా దగ్గర ఏవో పిచ్చి గీతలు ఉంటాయి. నిలువు అక్షం మీద అంకెలు చూస్తే అవి 10 పవర్ మైనస్ 14 స్థాయిలో ఉంటాయి, అంటే అదంతా కంప్యూటర్ లెక్కల్లో మిగిలిన చిల్లర. ఇప్పుడు 99 తీసేసి 100 పెట్టండి. ఒకే ఒక్క నున్నని సైన్ అల వస్తుంది. 98 పెడితే అదే అల తలకిందులవుతుంది.

100 పాయింట్ల మధ్య 99 ఖాళీలు ఉంటాయి. ఒక్కో ఖాళీలో సైన్ 99ఎక్స్ సరిగ్గా ఒక చుట్టు తిరిగి మళ్లీ సున్నాకి వచ్చేస్తుంది. సాఫ్ట్‌వేర్ చూసింది ఆ సున్నాలనే. అడిగిన చోట విలువ లెక్కగట్టి, పక్కపక్క పాయింట్లను తిన్నటి గీతతో కలపడమే దాని పని. ఇలా కొన్ని చోట్ల మాత్రమే విలువలు తీసుకోవడాన్ని శాంప్లింగ్ అంటారు. మధ్యలో ఏం జరిగిందో దానికి తెలియదు, మనకి చెప్పదు కూడా. ఎర్రర్ మెసేజ్ రాదు కాబట్టి తప్పు గ్రాఫ్ కూడా ఒప్పు గ్రాఫ్ లాగే దర్జాగా కనిపిస్తుంది.

ఇలాంటివి ఎదురైనప్పుడు చాలామంది చేసే పని పాయింట్లు పెంచడం. కొన్నిసార్లు అది సరిపోతుంది. చాలాసార్లు సరిపోదు, ఒక్కోసారి గ్రాఫ్ ఇంకా పాడవుతుంది. అందుకే ముందు తప్పు ఏ రకమో తేల్చుకోవాలి.

మొదటి పని: పాయింట్ల సంఖ్య మార్చి చూడండి, కానీ రెట్టింపు చేయకండి

పైన చెప్పిన గ్రాఫ్‌లోనే 99 ఖాళీలను 198 చేశారనుకోండి, అంటే 199 పాయింట్లు. ఒక్కో ఖాళీలో అల సగం చుట్టు తిరుగుతుంది. సగం చుట్టు దగ్గర కూడా సైన్ విలువ సున్నాయే! గ్రాఫ్ మారలేదు కాబట్టి ఇదే నిజమని నమ్మేస్తారు. రెట్టింపులో ఉన్న ప్రమాదం ఇదే. పాత సంఖ్యతో పొంతన లేని సంఖ్య తీసుకోండి. 100 ఉంటే 137, ఆ తర్వాత 1009. 137 పెట్టగానే ఈ గ్రాఫ్‌లో 37 అలలు ప్రత్యక్షమవుతాయి. అదీ తప్పే, కానీ మొదటిది కూడా తప్పేనని బయటపడింది కదా, మనకి కావాల్సింది అదే.

మూడు సంఖ్యలతోనూ ఒకే ఆకారం వస్తే చాలావరకు నిశ్చింతగా ఉండొచ్చు. అలల సంఖ్యో, శిఖరం ఎత్తో మారుతుంటే పాయింట్లు చాలడం లేదు. నిలువు గీత ఒకటి పోకుండా అక్కడే ఉండి, పాయింట్లు పెంచేకొద్దీ ఇంకా నిటారుగా అవుతుంటే ఫంక్షన్ అక్కడ తెగిపోయి ఉండొచ్చు. పాయింట్లు పెంచితే వణుకు తగ్గకుండా మరింత దట్టమైతే అది శాంప్లింగ్ సమస్య కాదు, దశాంశ స్థానాల సమస్య. దాని సంగతి చివర్లో చూద్దాం.

మీరేమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ డిఫాల్ట్‌గా ఎన్ని పాయింట్లు తీసుకుంటోందో కూడా తెలిసి ఉండాలి. పైథాన్ భాషలో వాడే నంపైలో, సమాన దూరాల్లో పాయింట్లు ఇచ్చే లిన్‌స్పేస్‌కి సంఖ్య ఇవ్వకపోతే 50, మ్యాట్‌ల్యాబ్‌లో అదే పేరున్న ఫంక్షన్‌కి 100. గ్నూప్లాట్‌లో 100. లేటెక్‌లో వాడే పీజీఎఫ్‌ప్లాట్స్‌లో అయితే కేవలం 25. థీసిస్‌లలో మూలలు తేలిన సైన్ అలలు అంత తరచుగా కనిపించడానికి ఈ 25 ఒక ముఖ్య కారణమని నా అనుమానం.

ఎన్ని పాయింట్లు కావాలో లెక్కగట్టండి

ఒక చుట్టుకి రెండు కంటే ఎక్కువ శాంపిల్స్ ఉంటే చాలని నైక్విస్ట్, షానన్ పేర్లతో చెప్పే సూత్రం చాలామంది చదివే ఉంటారు. గ్రాఫ్ గీయడానికి అది ఏమాత్రం చాలదు. ఆ సూత్రం శాంపిల్స్ నుంచి అలని తిరిగి నిర్మించే ప్రత్యేక పద్ధతి ఉంటుందన్న నమ్మకం మీద నిలబడింది. మన సాఫ్ట్‌వేర్ చేసేది తిన్నటి గీతలు గీయడం మాత్రమే.

తిన్నటి గీత వల్ల వచ్చే తప్పుకి ఒక మంచి అంచనా ఉంది. పక్కపక్క పాయింట్ల మధ్య దూరాన్ని వర్గం చేసి, దాన్ని ఆ ప్రాంతంలో రెండో అవకలజం (వక్రం ఎంత వంగుతోందో చెప్పేది) గరిష్ఠ విలువతో గుణించి, 8తో భాగించాలి. సైన్ అలకి ఇది వాడితే, చుట్టుకి 20 పాయింట్లు ఉన్నప్పుడు తప్పు అల ఎత్తులో 1.2 శాతం వరకు ఉండొచ్చు. శిఖరం అక్షం నుంచి 200 పిక్సెళ్ల ఎత్తులో ఉంటే అది రెండున్నర పిక్సెళ్లు, కంటికి తెలుస్తుంది. 40 పాయింట్లు పెడితే 0.3 శాతానికి, అంటే ఒక పిక్సెల్ కన్నా తక్కువకి పడిపోతుంది. అందుకని చుట్టుకి 40 అని గుర్తుపెట్టుకోండి. సైన్ 99ఎక్స్‌కి సుమారు 4,000 పాయింట్లు. ఈ రోజుల్లో ఏ కంప్యూటర్‌కైనా అది లెక్కలోకే రాదు.

పోలార్ గ్రాఫ్‌లకీ, పారామెట్రిక్ వక్రాలకీ ఇదే లెక్క. గులాబీ రేకుల వక్రాన్ని తక్కువ పాయింట్లతో గీస్తే రేకుల బదులు నక్షత్రం లాంటి గీతల వల వస్తుంది. తమాషా ఏమిటంటే, 1987లో పీటర్ మౌరర్ ఈ పనినే కావాలని చేశారు. రేకుల వక్రం మీద పెద్ద పెద్ద కోణాల అంతరంతో పాయింట్లు తీసుకుని తిన్నటి గీతలతో కలిపితే వచ్చే అందమైన ఆకారాలను మౌరర్ గులాబీలు అంటారు. మీకు కావాల్సింది అది కాకపోతే పాయింట్లు పెంచండి.

నిలువు గీత నిజమా, అబద్ధమా?

టాన్ ఎక్స్ గీసినవాళ్లందరికీ ఇది అనుభవమే. 90 డిగ్రీల దగ్గర పైనుంచి కిందికి ఒక గీత వచ్చేస్తుంది. కొందరు దాన్ని అసింప్టోట్ (వక్రం అంతకంతకూ దగ్గరయ్యే సరళరేఖ) అనుకుని సంతోషపడతారు కూడా. అది అసింప్టోట్ కాదు. 90కి ఈ పక్కనున్న పెద్ద ధన విలువనీ ఆ పక్కనున్న పెద్ద రుణ విలువనీ సాఫ్ట్‌వేర్ కలిపేసిన గీత. ఒక పాయింట్ సరిగ్గా 90 డిగ్రీల మీద పడితే ఇంకా ఘోరం. కంప్యూటర్‌లో ఆ కోణం కచ్చితంగా ఇమడదు కాబట్టి అనంతం బదులు 1.6 ఇంటూ 10 పవర్ 16 అనే విలువ వస్తుంది. అక్షం అంత ఎత్తుకి సాగిపోయి, మిగతా గ్రాఫ్ మొత్తం నేలకి అంటుకుపోతుంది.

అయితే నిటారుగా ఉన్న ప్రతి గీతా అబద్ధం కాదు. హైపర్బోలిక్ టాన్ 200ఎక్స్ సున్నా దగ్గర మెట్టులాగే కనిపిస్తుంది గానీ ఎక్కడా తెగదు. రెండింటినీ వేరుచేయడానికి సులువైన పరీక్ష ఉంది. అనుమానం ఉన్న రెండు పాయింట్ల మధ్య సరిగ్గా నడుమ ఫంక్షన్ విలువ లెక్కగట్టండి. రెండు సగాల్లో ఎక్కువ తేడా ఉన్న సగం తీసుకుని, దాన్ని మళ్లీ సగం చేయండి. పది సార్లు చేస్తే మొదటి దూరంలో 1,024వ వంతుకి చేరతారు. తేడా తగ్గుతూ పోతే ఫంక్షన్ నిటారుగా ఉంది, అంతే, గీత ఉంచండి. తేడా ఒక విలువ దగ్గర ఆగిపోతే అది మెట్టు. పెరుగుతూ పోతే అనంతానికి వెళ్లే చోటు. ఈ చివరి రెండు సందర్భాల్లో గీత తీసేయాలి.

తీసేయడానికి మంచి దారి, తెగే చోటు ముందే తెలిస్తే ఫంక్షన్‌ని ముక్కలుగా గీయడం. టాన్‌కి మైనస్ 85 నుంచి 85 డిగ్రీలు ఒక ముక్క, 95 నుంచి 265 ఇంకో ముక్క. 85 డిగ్రీల దగ్గర టాన్ విలువ 11.4. కాబట్టి నిలువు అక్షాన్ని మైనస్ 10 నుంచి 10 దాకా పెడితే వక్రం ఫ్రేమ్ అంచుని దాటి వెళ్తుంది, మధ్యలో గీత ఉండదు. రంగు అన్ని ముక్కలకీ ఒకటే ఇవ్వడం మర్చిపోకండి. లేకపోతే సాఫ్ట్‌వేర్ ఒక్కో ముక్కకి ఒక్కో రంగు వేస్తుంది.

తెగే చోటు తెలియకపోతే అక్కడ నాన్ విలువ పెట్టండి, అంటే "ఇది సంఖ్య కాదు" అని చెప్పే ప్రత్యేక విలువ. మ్యాట్‌ప్లాట్‌లిబ్, మ్యాట్‌ల్యాబ్ రెండూ నాన్ రాగానే గీతని ఆపేసి, దాని తర్వాత కొత్తగా మొదలుపెడతాయి. గ్నూప్లాట్‌లో కూడా షరతు పెట్టి నాన్ ఇవ్వొచ్చు. టాన్ విషయంలో షరతు భలే సులువు. టాన్ తన ప్రతి ముక్కలోనూ పెరుగుతూనే ఉంటుంది కాబట్టి, పక్క పాయింట్‌కి వెళ్లేసరికి విలువ తగ్గిందంటే అక్కడ తెగినట్టే.

ఇంటర్నెట్‌లో ఎక్కువగా కనిపించే సలహా వేరు: విలువ 100 దాటితే నాన్ చేసేయమంటారు. నాకు అది నచ్చదు. పాయింట్లు దూరదూరంగా ఉంటే ఒకటి 87 డిగ్రీల మీద, తర్వాతది 94 మీద పడొచ్చు. వాటి విలువలు 19, మైనస్ 14. రెండూ 100 లోపే, కాబట్టి గీత హాయిగా మిగిలిపోతుంది. పాయింట్లు బాగా దట్టంగా ఉన్నప్పుడే ఆ సలహా పనిచేస్తుంది.

కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ పనికి సొంత ఏర్పాటు ఉంది. మ్యాథమేటికాలో ఎక్స్‌క్లూజన్స్, సేజ్‌లో డిటెక్ట్ పోల్స్, మేపుల్‌లో డిస్‌కాంట్. పీజీఎఫ్‌ప్లాట్స్‌లో నిలువు పరిధికి హద్దు పెట్టి, హద్దు దాటిన చోట దూకమని చెప్పాలి. ఇక ఫ్లోర్ లాంటి మెట్ల ఫంక్షన్లకి ఇంత శ్రమ అక్కర్లేదు, మెట్లుగా గీసే స్టెప్ పద్ధతి మ్యాట్‌ప్లాట్‌లిబ్‌లోనూ గ్నూప్లాట్‌లోనూ ఉంది. మెట్టు అంచులు మీ పాయింట్ల మీద పడేలా చూసుకుంటే చాలు.

అంచుల దగ్గర తెగిపోయే వక్రాలు

అర్ధవృత్తం గీద్దాం: 1 లోంచి ఎక్స్ వర్గం తీసేసి, దానికి వర్గమూలం. ఎక్స్ మైనస్ 2 నుంచి 2 వరకు, 100 పాయింట్లు. వచ్చే అర్ధవృత్తం అడ్డ అక్షాన్ని తాకదు, గాల్లో తేలుతుంది. 1కి లోపల ఉన్న చివరి పాయింట్ 0.9899 దగ్గర పడుతుంది, అక్కడ ఎత్తు 0.14. ఆ తర్వాతి పాయింట్ 1ని దాటేస్తుంది, అక్కడ ఫంక్షన్‌కి విలువే లేదు. పాయింట్లు పదింతలు పెంచినా ఖాళీ పూర్తిగా పోదు, ఎందుకంటే అంచు దగ్గర వక్రం నిట్టనిలువుగా దిగుతుంది.

మందు రెండు రకాలు. పరిధిని సరిగ్గా మైనస్ 1 నుంచి 1కి కుదిస్తే వక్రం అక్షాన్ని తాకుతుంది, కానీ అంచుల దగ్గర మూలలు కనిపిస్తాయి. అంతకన్నా మంచిది, కోణాన్ని సమానంగా పంచి, ఎక్స్‌కి ఆ కోణం కొసైన్ వాడడం. అప్పుడు పాయింట్లు అంచుల దగ్గర వాటంతట అవే దట్టంగా పడతాయి. వృత్తానికే కాదు, రెండు చివర్లా నిటారుగా దిగే ఏ ఫంక్షన్‌కైనా ఇది పనికొస్తుంది.

లాగ్ స్కేల్‌లో కూడా మూలం ఇదే, పాయింట్లు అవసరం లేని చోట పడడం. 1 నుంచి 10 లక్షల వరకు సమాన దూరాల్లో 100 పాయింట్లు తీసుకుంటే మొదటిది 1, రెండోది 10,102. లాగ్ అక్షం మీద ఉన్న ఆరు దశకాల్లో (విలువ పదింతలయ్యే ఒక్కో దూరం ఒక దశకం) నాలుగు దశకాలు ఒకే తిన్నటి గీతగా మారిపోతాయి. సమాన దూరాల బదులు సమాన నిష్పత్తుల్లో పాయింట్లు ఇచ్చే ఫంక్షన్లు, అంటే నంపైలో జియోమ్‌స్పేస్, మ్యాట్‌ల్యాబ్‌లో లాగ్‌స్పేస్ వాడండి. 100 పాయింట్లే ఉన్నా గ్రాఫ్ మారిపోతుంది.

సైన్ 1/ఎక్స్ కూడా అంతే (ఇక్కడి నుంచి కోణాలు రేడియన్లలో). 0.01 నుంచి 0.1 మధ్య అది 14 చుట్లు తిరుగుతుంది, 0.001 నుంచి 0.01 మధ్య 143 చుట్లు. సమాన దూరాలతో దీన్ని పట్టుకోలేరు. 1/ఎక్స్ విలువలను సమానంగా పంచి, వాటిని తలకిందులు చేసి ఎక్స్‌గా వాడండి. ఫంక్షన్ లోపల ఉన్న రాశిని చూసి పాయింట్లు పంచడం అలవాటైతే సగం సమస్యలు గీయకముందే తీరిపోతాయి.

కనబడని శిఖరాలు

అన్నిటికన్నా మోసకారి ఇదే, ఎందుకంటే గ్రాఫ్‌లో అనుమానించడానికి ఏమీ ఉండదు. ఎక్స్ లోంచి 0.5 తీసేసి, వర్గం చేసి, పది లక్షలతో గుణించి, 1 కలిపి, మొత్తాన్ని 1 కింద హారంగా పెట్టండి. 0.5 దగ్గర 1 ఎత్తున్న సన్నటి శిఖరం అది. సగం ఎత్తులో వెడల్పు 0.002 మాత్రమే. 0 నుంచి 1 వరకు 100 పాయింట్లతో గీస్తే 0.5కి ఇటూ అటూ పాయింట్లు పడి శిఖరం ఎత్తు 0.038గా కనిపిస్తుంది. 101 పాయింట్లు పెడితే ఒకటి సరిగ్గా 0.5 మీద పడి ఎత్తు 1 వస్తుంది, కానీ శిఖరం అసలు కన్నా ఐదింతలు లావైన త్రిభుజంలా ఉంటుంది. ఒక్క పాయింట్ తేడాతో రెండు వేర్వేరు కథలు.

శిఖరం ఎక్కడుందో తెలిస్తే ఆ చుట్టుపక్కల మాత్రం దట్టంగా పాయింట్లు కలిపి, మొత్తం జాబితాని వరుసక్రమంలో పెట్టండి. వరుస పెట్టకపోతే గీత వెనక్కీ ముందుకీ పరుగెత్తి గ్రాఫ్ చిందరవందర అవుతుంది.

తెలియకపోతే అడాప్టివ్ పద్ధతి సాయపడుతుంది. మ్యాథమేటికా, సేజ్, మ్యాట్‌ల్యాబ్‌లోని ఎఫ్‌ప్లాట్ ఈ దారిలో వెళ్తాయి. మొదట కొన్ని పాయింట్లు తీసుకుని, వక్రం ఎక్కువగా వంగిన చోట మధ్యలో మరిన్ని కలుపుతాయి. ఇక్కడ రెండు మీటలు ఉంటాయి: మొదటి పాయింట్ల సంఖ్య, ఎన్నిసార్లు విడగొట్టాలన్న లోతు. మ్యాథమేటికాలో వీటి పేర్లు ప్లాట్ పాయింట్స్, మ్యాక్స్ రికర్షన్. ఏది తిప్పాలో చాలామంది తడబడతారు. వక్రం కనిపిస్తోంది కానీ మూలలు తేలుతున్నాయంటే లోతు పెంచండి. శిఖరమే కనిపించడం లేదంటే లోతు పెంచి లాభం లేదు, మొదటి పాయింట్లు పెంచాలి. మొదటి వరుసలో ఒక్క పాయింట్ కూడా శిఖరాన్ని తాకకపోతే, అక్కడ వంపు ఉందని సాఫ్ట్‌వేర్‌కి అనుమానమే రాదు. తిన్నటి గీతని ఎన్నిసార్లు చూసినా అది తిన్నటి గీతే.

రెండు చలరాశుల గ్రాఫ్‌లు

ఎక్స్ వర్గం, వై వర్గం కలిపి దానికి సైన్ కట్టి, రంగుల పటం గీయండి. రెండు అక్షాలూ మైనస్ 20 నుంచి 20, ఒక్కో వైపు 100 పాయింట్లు. మధ్యలో ఉండాల్సిన వలయాలతో పాటు, చుట్టూ వరసగా అలాంటి వలయాల గుంపులు మరెన్నో పుట్టుకొస్తాయి. ఇవన్నీ దొంగ కేంద్రాలు. అవి ఎక్కడ వస్తాయో ముందే చెప్పొచ్చు: 3.14ని గ్రిడ్ అంతరంతో భాగించండి. ఇక్కడ అంతరం 0.404 కాబట్టి మొదటి దొంగ కేంద్రం అక్షం మీద 7.8 దగ్గర ఉంటుంది. మీ గ్రాఫ్ పరిధి ఆ దూరంలో సగం కూడా దాటకుండా ఉండేలా గ్రిడ్ చిక్కబరచండి. అంత చిక్కగా కుదరకపోతే ఒక్కో పిక్సెల్‌కి ఒక్కో దిశలో నాలుగైదు పాయింట్లు తీసుకుని వాటి సగటు రంగు వేయండి. అప్పుడు దూరంగా ఉన్న వలయాలు బూడిద రంగులో కలిసిపోతాయి. వివరం కనిపించదు గానీ లేని వలయాలు కూడా కనిపించవు.

కాంటూర్ పద్ధతితో (ఒకే విలువ ఉన్న చోట్లను గీతగా కలపడం) సమీకరణాల వక్రాలు గీసేటప్పుడు ఒక విషయం చూసుకోండి. ఆ పద్ధతి గుర్తు మారే చోటు కోసం వెతుకుతుంది. ఎక్స్ మైనస్ వై మొత్తానికి వర్గం కట్టి సున్నాకి సమానం చేస్తే, ఆ విలువ ఎప్పుడూ రుణం కాదు. సాధారణంగా గీత రాదు, లేదా ముక్కలు ముక్కలుగా వస్తుంది. గ్రిడ్ ఎంత పెంచినా అంతే. వర్గం తీసేసి లోపలి రాశినే సున్నాకి సమానం చేయండి.

త్రీడీ ఉపరితలాల్లో మ్యాట్‌ప్లాట్‌లిబ్ వాడేవాళ్లు తప్పక తెలుసుకోవాల్సింది ఒకటుంది. మీరు 500 ఇంటూ 500 గ్రిడ్ ఇచ్చినా ఉపరితలం గీసే ఫంక్షన్ డిఫాల్ట్‌గా ఒక్కో దిశలో 50 వరుసలకు మించి వాడదు. మిగతావి వదిలేస్తుంది. ఆర్‌కౌంట్, సీకౌంట్ అనే రెండు విలువలను మీరే పెంచాలి. గ్రిడ్ పెంచుతూ పోయినా బొమ్మ మారడం లేదని తల పట్టుకునేవాళ్లలో చాలామందికి అసలు కారణం ఇది.

శాంప్లింగ్ తప్పు కాని తప్పు

1 మైనస్ కొసైన్ ఎక్స్, కింద ఎక్స్ వర్గం. సున్నాకి దగ్గరయ్యేకొద్దీ ఇది 0.5కి చేరాలి. సున్నా చుట్టూ అతి చిన్న పరిధిలో గీసి చూస్తే సున్నా దగ్గర గ్రాఫ్ వణికి, పైకీ కిందికీ ఎగిరి, చివరికి సున్నాకి పడిపోతుంది. పాయింట్లు పెంచితే వణుకు ఇంకా చిక్కబడుతుంది. ఇక్కడ తప్పు పాయింట్లది కాదు. కొసైన్ విలువ 1కి మరీ దగ్గరగా ఉండటంతో తీసివేతలో అంకెలన్నీ కొట్టుకుపోయాయి. సూత్రాన్ని మార్చి రాయాలి: సగం ఎక్స్‌కి సైన్ కట్టి, దాన్ని సగం ఎక్స్‌తో భాగించి, వర్గం చేసి, సగం తీసుకోండి. గణితంలో రెండూ ఒకటే, కానీ ఇందులో ఆ తీసివేత లేదు. వణుకు మాయమవుతుంది. సరిగ్గా సున్నా దగ్గర మాత్రం 0.5 అని మీరే ఇవ్వాలి.

దాచిపెట్టే మందులు వాడకండి

మూలలు తేలిన గ్రాఫ్‌ని స్ప్లైన్‌తో, అంటే పాయింట్ల గుండా సాగే నున్నని వక్రంతో నునుపు చేయడం, స్ప్రెడ్‌షీట్‌లో స్మూత్ లైన్ ఎంచుకోవడం చూడ్డానికి బాగుంటుంది. లెక్కగట్టని విలువలను ఊహించి గీస్తున్నారన్నమాట. మెట్టు పక్కన స్ప్లైన్ అసలు విలువని దాటి పైకి వెళ్లి కిందికి వస్తుంది, లేని శిఖరం ఒకటి తయారవుతుంది. ఫంక్షన్ సూత్రం చేతిలో ఉన్నప్పుడు ఊహించడం ఎందుకు, ఇంకొన్ని పాయింట్లు లెక్కగట్టుకోవచ్చు కదా. బొమ్మ డీపీఐ (అంగుళానికి చుక్కల సంఖ్య) పెంచడం కూడా ఇలాంటిదే. అది మూలలను మరింత స్పష్టంగా చూపిస్తుంది, అంతే.

అటు మరీ ఎక్కువ పాయింట్లు కూడా ఇబ్బందే. పీడీఎఫ్‌లో లక్ష పాయింట్ల వక్రం పెడితే ఫైలు బరువెక్కి, పేజీ తెరవడానికే సమయం పడుతుంది. 600 పిక్సెళ్ల వెడల్పులో 500 చుట్ల అల ఎలాగూ కనిపించదు, రంగు పూసిన పట్టీలా వస్తుంది. అలాంటి చోట ఒక్కో పిక్సెల్ వెడల్పులో ఫంక్షన్ చేరే గరిష్ఠ, కనిష్ఠ విలువలు మాత్రం తీసుకుని వాటి మధ్య రంగు నింపండి. పక్కనే ఒక చిన్న భాగాన్ని పెద్దది చేసి, చుట్టుకి 40 పాయింట్ల లెక్కతో వేరే గ్రాఫ్‌గా చూపించండి.